ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో పాత దుంగల క్యాబిన్లు పోయి కొత్తవి వచ్చాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓర్లాండో ట్రిప్ అనగానే మా స్నేహితుల్లో, చుట్టాల్లో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. జార్జియా నుంచి కారులో వెళ్లి డిస్నీ వాళ్ల ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్లలో చాలాసార్లు ఉన్నాం, పాతవాటిలోనూ ఉన్నాం, కొత్తవాటిలోనూ ఉన్నాం. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు ఆ చోటంటే చాలా ఇష్టం, అందుకని కొన్ని జవాబులు పొడుగవుతాయి.

అసలు ఫోర్ట్ వైల్డర్‌నెస్ అంటే ఏమిటి? హోటలా, క్యాంపా?

రెండూ. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వాళ్ల పార్కులు, హోటళ్ల పెద్ద సముదాయం వాల్ట్ డిస్నీ వరల్డ్‌ని 1971 అక్టోబర్ 1న తెరిచారు, అదే ఏడాది నవంబర్ 19న ఇది తెరిచారు. సుమారు 750 ఎకరాల అడవి, పక్కనే బే లేక్ అనే పెద్ద చెరువు. లోపల టెంటు వేసుకునే చోట్లు, ఆర్‌వీలు (లోపలే పడుకుని వండుకునే పెద్ద బండ్లు) నిలుపుకునే చోట్లు దాదాపు 800 ఉంటాయి, అవి కాక క్యాబిన్లు. థీమ్ ఏమిటంటే అమెరికాలో పడమటి వైపు వలస వెళ్లి అడవి కొట్టి ఇల్లు కట్టుకున్న పాతకాలపు జనాల బతుకు. గుర్రాలు, బండ్లు, క్యాంప్‌ఫైర్, పయనీర్ హాల్ అనే పెద్ద దుంగల భవనం, అందులో 1974 నుంచి నడుస్తున్న హూప్-డీ-డూ అనే భోజనంతో పాటు పాటల షో, ఇవన్నీ ఆ లెక్కలోవే.

పాత క్యాబిన్లు ఎలా ఉండేవి?

బయటికి దుంగలు పేర్చినట్టు కనిపించేవి, లోపల గోడలన్నీ చెక్క రంగు. 504 చదరపు అడుగులు. ఒక బెడ్‌రూమ్‌లో ఒక డబుల్ మంచం, ఒక బంక్ బెడ్ (ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు). హాల్లో గోడలోంచి కిందికి దించుకునే మంచం. ఒక్కటే బాత్రూమ్. వంటగది మాత్రం పూర్తిగా ఉండేది. బయట చెక్క డెక్, పిక్నిక్ బల్ల, బొగ్గుల గ్రిల్. ఆరుగురు పడుకోవచ్చు.

ఒక మాట సూటిగా చెప్పాలి. అవి నిజం దుంగలతో కట్టినవి కావు. ఫ్యాక్టరీలో తయారై రోడ్డు మీద వచ్చిన ఇళ్లు, పైన దుంగల్లా కనిపించే తొడుగు వేశారు. నిజం దుంగలు చూడాలంటే పయనీర్ హాల్‌కి వెళ్లండి, అక్కడివి మోంటానా నుంచి తెచ్చిన పైన్ దుంగలు. వాటి మీద చేయి పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అయినా పాత క్యాబిన్‌లోకి అడుగు పెట్టగానే అడవిలో ఉన్నామనే అనిపించేది, ఆ చీకటి చెక్క గోడల వల్లేనని ఇప్పుడు అర్థమవుతోంది.

వాటికి ముందు కూడా ఇంకో తరం ఉంది. 1970లలో ఇక్కడ అద్దెకిచ్చినవి మామూలు ట్రెయిలర్లు. తర్వాత వాటి చోటులో దుంగల రూపం వచ్చింది. అంటే మనం "ఒరిజినల్" అనుకుని బాధపడుతున్నది కూడా ఒకప్పటి రీడిజైనే.

మరి ఎప్పుడు మార్చారు? ఎందుకు మార్చారు?

2023లో ప్రకటించారు. పాతవాటిని విడతలు విడతలుగా తీసేసి, కొత్తవి తెచ్చి పెట్టి, 2024 జూలై 1 నుంచి అతిథులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మొత్తం 350కి పైగా క్యాబిన్లు. పాతవాటికి రంగులు వేసి, సోఫాలు మార్చి వదల్లేదు, ఇంటికి ఇల్లే తీసేసి కొత్త ఇల్లు పెట్టారు.

ఎందుకంటే రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది ఫ్లోరిడా వాతావరణం. ఏడాదిలో సగం ఉక్క, మధ్యాహ్నం అయితే ఉరుముల వాన, నీడలో ఎప్పుడూ తేమ. అలాంటి చోట తేలికగా కట్టిన ఇల్లు పాతికేళ్లు నిలిచిందంటే అదే ఎక్కువ. రెండోది డబ్బు లెక్క. కొత్త క్యాబిన్లన్నిటినీ డిస్నీ వెకేషన్ క్లబ్ కిందికి తెచ్చారు, అంటే ఏటేటా పాయింట్లతో సెలవులు గడుపుకునే హక్కును ముందే అమ్ముతారు. ఆ హక్కు 2075 వరకు ఉంటుంది, అలా అమ్మాలంటే అప్పటిదాకా నిలిచే కొత్త సరుకు ఉండాలి కదా. ఈ రెండో కారణమే పెద్దదని నా అభిప్రాయం.

కొత్తవి చిన్నవని విన్నాం, నిజమేనా?

నిజమే. 400 చదరపు అడుగుల లోపే. పాతది 504 కాబట్టి తేడా వందకు పైనే, అంటే పదికి పది గది ఒకటి ఎగిరిపోయినట్టు. అయినా ఇప్పుడూ ఆరుగురికే.

అమెరికాలో "పార్క్ మోడల్" అనే రకం చిన్న ఇళ్లకు 400 చదరపు అడుగుల హద్దు ఉంటుంది, అంతకు మించితే వేరే నియమాలు వర్తిస్తాయి. ఇలాంటి క్యాంపుల్లో కొత్తగా వచ్చే ఇళ్లు చాలావరకు ఆ కొలతలోపే ఉండటానికి అదొక కారణం. లారీ మీద ఎక్కించి రోడ్డు మీద తీసుకురావాలి కాబట్టి వెడల్పు పెంచడానికీ లేదు.

కొలత తగ్గినా లోపల అమరిక బాగా చేశారని ఒప్పుకుంటాను. బెడ్‌రూమ్‌లో డబుల్ మంచం బదులు క్వీన్ మంచం వచ్చింది, బంక్ బెడ్ గోడలోకే కట్టేశారు. హాల్లో దించుకునే మంచం కూడా క్వీన్ సైజు. పాత డబుల్ మంచం మీద ఇద్దరు పెద్దవాళ్లు నాలుగు రాత్రులు పడుకున్నవాళ్లకు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

లోపల చూడ్డానికి ఎలా ఉన్నాయి? అడవి ఇల్లు అనిపిస్తుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను ఎక్కువ ఆలోచించిందీ దీని గురించే.

కొత్త క్యాబిన్‌లో ఎత్తైన కప్పు, పెద్ద పెద్ద కిటికీలు, లేత చెక్క రంగు, తెలుపు. ఉదయం లేవగానే గదినిండా వెలుతురు. పాతదాంట్లో పగలే లైట్లు వేసుకునేవాళ్లం. ఫోటోలు చూసి చాలామంది "ఇది క్యాబిన్ కాదు, టైనీ హౌస్" అన్నారు. బయటి నుంచి చూస్తే ఆ మాటలో తప్పు లేదు. దుంగల గీతలు లేవు, పాత చిత్రాల్లో కనిపించే అడవి ఇంటి పోలిక లేదు.

కానీ దుంగల ఇల్లు ఫ్లోరిడాది కాదు. అమెరికాకు దుంగల ఇళ్లు తెచ్చింది 1638లో డెలవేర్ నది లోయలో దిగిన స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లని చెబుతారు. చలి దేశం వాళ్లు, గాలి చొరకుండా దుంగ మీద దుంగ పేర్చుకుని చిన్న కిటికీలు పెట్టుకున్నారు. ఫ్లోరిడాలో పాతకాలపు రైతులు, పశువులు మేపేవాళ్లు కట్టుకున్న క్రాకర్ ఇళ్లు ఇంకో రకం. నేల మీంచి కొంచెం ఎత్తులో, కిందనుంచి గాలి ఆడేలా, పైన రేకు, ముందు వెడల్పాటి వసారా, గాలి ఇటునుంచి అటు పోయేలా ఎదురెదురుగా కిటికీలు. అది వింటుంటే నాకు మా తాతగారి పెంకుటిల్లు గుర్తొస్తుంది, అదే ఎండ, అదే వాన, అదే ఉపాయం.

అందుకే దుంగలు పోయాయన్న బాధ నాకు అంత లేదు. నా దృష్టిలో అడవి ఇంటిని అడవి ఇల్లు చేసేది గోడ మీది తొడుగు కాదు, గుమ్మం బయట కూర్చునే చోటు, దానికి ఎదురుగా చెట్లు. కొత్త డిజైన్‌లో పెద్ద కిటికీలు చెట్లను లోపలికి తెచ్చాయి, ముందు కూర్చునే చోటూ ఉంచారు. ఆ విషయంలో సరైన పనే చేశారు.

నాకు నచ్చనిది వేరే ఉంది. లోపల ఏ ఊరి కొత్త హోటల్ గదిలోనైనా కనిపించే వస్తువులే చాలా ఉన్నాయి. యాభై ఏళ్ల చోటుకి దాని సొంత గుర్తులు ఎన్నో ఉన్నాయి. 1970లలో ఇక్కడ ఆవిరి ఇంజన్లతో చిన్న రైలు తిరిగేది, చెరువు ఒడ్డున 1976లో తెరిచిన రివర్ కంట్రీ అనే ఈత పార్కు ఉండేది, అది 2001లో మూతపడింది. పిల్లలు "ఇదేంటి నాన్నా" అని అడిగేలా ఆ కథలు గోడల మీద ఇంకా గట్టిగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! థీమ్ రిసార్ట్ అన్నాక గది కూడా కథ చెప్పాలి.

వైల్డర్‌నెస్ లాడ్జ్ క్యాబిన్లు, ఇవీ ఒకటేనా?

కాదు. పేర్లు దగ్గరగా ఉండటంతో బుకింగ్ చేసేటప్పుడు చాలామంది పొరబడతారు. వైల్డర్‌నెస్ లాడ్జ్ 1994లో తెరిచిన పెద్ద హోటల్, యెల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో ఉన్న పాత లాడ్జీల తరహాలో కట్టారు. లాబీలో 82 అడుగుల రాతి పొయ్యి ఉంటుంది, మీరు అక్కడ ఉండకపోయినా ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ చెరువు ఒడ్డున 2017లో వచ్చిన 26 క్యాబిన్లు ఉన్నాయి, రెండు బెడ్‌రూములు, ఎనిమిది మందికి, ధర కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్లు అడవి మధ్యలో ఉంటాయి, చెరువు కనిపించదు.

డిస్నీ ఇలా ఇళ్లకు ఇళ్లే మార్చడం ఇదే మొదటిసారా?

కాదు. డిస్నీ వరల్డ్‌లోనే సరటోగా స్ప్రింగ్స్ అనే ఇంకో రిసార్ట్ దగ్గర చెట్లమధ్య స్తంభాల మీద నిలబడిన ట్రీహౌస్ విల్లాలు ఉన్నాయి. మొదటివి 1975 నాటివి. వాటిని తీసేసి 2009లో 60 కొత్తవి పెట్టారు. అక్కడ పాత ఎనిమిది పలకల ఆకారం, స్తంభం మీద ఇల్లు అనే ఊహ అలాగే ఉంచి లోపల అంతా కొత్తగా చేశారు. తొమ్మిది మంది పడుకోవచ్చు. రీడిజైన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే, దూరం నుంచి చూసినవాడు "ఆ, అదే ఇల్లు" అనాలి, లోపలికి వెళ్లినవాడు హాయిగా పడుకోవాలి. ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో రెండోది సాధించారు, మొదటిది వదిలేశారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లకు సౌకర్యంగా ఉంటుందా?

ఉంటుంది, కానీ కొన్ని చూసుకోవాలి.

పెద్దవాళ్లకు బెడ్‌రూమ్ ఇస్తే పిల్లలు అదే గదిలో బంక్ బెడ్ మీద పడుకోవాలి, మీరు హాల్లో. మనవళ్లతో ఒకే గదిలో పడుకోవడం అమ్మమ్మ తాతయ్యలకు సంతోషమే, కథలు చెప్పుకుంటూ పడుకుంటారు. కానీ రాత్రి రెండుసార్లు లేచేవాళ్లు ఉంటే బాత్రూమ్ ఒక్కటే అన్న సంగతి ముందే ఆలోచించుకోండి. ఆరుగురు పొద్దున్నే తయారై పార్కుకి వెళ్లాలంటే గంటన్నర ముందు లేవాలి. మేమైతే రాత్రే సగం మంది స్నానాలు ముగిస్తాం. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్లండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ర్యాంప్ ఉన్న క్యాబిన్ కావాలని బుకింగ్ అప్పుడే అడగండి. వెళ్లాక అడిగితే దొరక్కపోవచ్చు.

ఇక నా అనుభవం. మా నాన్నకు పార్కుల మీద ఏమాత్రం ఆసక్తి లేదు. రెండో రోజునుంచి ఆయన క్యాబిన్ ముందే కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ కూర్చున్నారు. అడవి టర్కీ కోళ్లు గుంపుగా నడుచుకుంటూ పోతుంటే లెక్కపెట్టారు. ఒక సాయంత్రం జింక కనిపించిందట, మేం వచ్చేసరికి ఎదురొచ్చి చెప్పారు. "ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టే ఉందిరా" అన్నారు. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మేం పెట్టిన ఖర్చంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

వంట చేసుకోవచ్చా? తాలింపు వేస్తే అలారం మోగుతుందా?

వంటగది ఉంది కాబట్టే మనవాళ్లు ఇక్కడికి వస్తారు. ఫ్రిజ్, పొయ్యి, మైక్రోవేవ్, గిన్నెలు ఉంటాయి. మేం ఇంటినుంచి చిన్న రైస్ కుక్కర్, పోపుల డబ్బా, పప్పు, ఆవకాయ తీసుకెళ్తాం. పాలు, పెరుగు, కూరగాయలు దారిలో కొంటాం. రాత్రి పదింటికి కాళ్లు లాగుతూ పార్కునుంచి వచ్చాక వేడి అన్నం, పప్పు తింటే పిల్లలు కూడా ఏడవకుండా పడుకుంటారు.

అలారం సంగతి: గది చిన్నదైంది, పొయ్యికీ మంచానికీ దూరం తగ్గింది. ఎండుమిర్చి మాడేలా తాలింపు వేయకండి, ఫ్యాన్ ముందే ఆన్ చేయండి, వేపుళ్లు పెట్టుకోకండి. పొగ మాట అటుంచి, ఆ వాసన హాల్లో దించుకునే మంచం పరుపుకి పడుతుంది, రాత్రంతా మీరే దాని మీద పడుకోవాలి.

క్యాబిన్ నుంచి పార్కులకు ఎలా వెళ్లాలి?

ఈ విషయం తెలియక మొదటిరోజు టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. లోపల మీ కారు వేసుకుని ఎటుపడితే అటు తిరగడానికి లేదు. కారు క్యాబిన్ దగ్గర పెట్టుకోవచ్చు, గేటు బయటికి వెళ్లొచ్చు, అంతే. లోపల తిరగడానికి వాళ్ల బస్సులు ఉంటాయి, లేదా ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ అద్దెకు తీసుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి చెరువు ఒడ్డు నుంచి పడవ ఉంది, అది చాలా బాగుంటుంది, కానీ పడవ దగ్గరికి చేరడానికి ముందు లోపలి బస్సు ఎక్కాలి. అన్నీ కలిపి ముప్పావుగంట చేతిలో పెట్టుకోండి.

పెద్దవాళ్లు ఉంటే గోల్ఫ్ కార్ట్ డబ్బు దండగ అనుకోకండి. పండగ రోజుల్లో అవి త్వరగా అయిపోతాయి, ముందే చెప్పి ఉంచుకోవాలి. హాలోవీన్‌కి, క్రిస్మస్‌కి జనం తమ సైట్లకీ కార్టులకీ లైట్లు కట్టి అలంకరిస్తారు, రాత్రి కార్టులో తిరిగి చూడటం మా పిల్లలకు ఏ రైడ్ కన్నా ఎక్కువ ఇష్టం.

కుక్కను తీసుకెళ్లొచ్చా?

డిస్నీ వరల్డ్‌లో కొన్ని చోట్ల 2017 అక్టోబర్ నుంచి కుక్కలను గదుల్లోకి అనుమతిస్తున్నారు, ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్లు అందులో మొదటినుంచీ ఉన్నాయి. అదనపు రుసుము ఉంటుంది. అన్ని క్యాబిన్లూ కాదు, కాబట్టి బుక్ చేసేటప్పుడే చెప్పండి. అలర్జీ ఉన్నవాళ్లు కుక్కలు ఉండని క్యాబిన్ కావాలని అడగాలి.

వెకేషన్ క్లబ్ అన్నారు కదా, మెంబరు కాకపోతే గది ఇవ్వరా?

ఇస్తారు. మామూలు హోటల్‌లాగే డబ్బు కట్టి బుక్ చేసుకోవచ్చు. కాకపోతే ముందు మెంబర్ల వాటా పోయాక మిగిలినవే వస్తాయి కాబట్టి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, స్ప్రింగ్ బ్రేక్ వారాల్లో కష్టం. ఈ క్యాబిన్ల మీద పాయింట్లు కొన్నవాళ్లు 11 నెలల ముందే బుక్ చేసుకుంటారు, వేరే రిసార్టుల మెంబర్లు 7 నెలల ముందు. మీకు తెలిసినవాళ్లలో మెంబర్లు ఉంటే వాళ్ల పాయింట్ల మీద తీసుకోవచ్చు, అప్పుడు తేదీలు మారిస్తే ఏమవుతుందో ముందే మాట్లాడుకోండి.

అయితే మెంబర్‌షిప్ కొనేస్తే మంచిదా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పను, ఎందుకంటే ఇది వేల డాలర్ల సంగతి. మూడు విషయాలు చూడండి.

ఇది ఇల్లు కాదు, స్థలం కాదు. 2075 జనవరి 31 వరకు వాడుకునే హక్కు. ఆ తర్వాత ఏమీ మిగలదు. మన ఇళ్లలో "ఆస్తి" అనే మాట వినగానే మనసు వేరే లెక్క వేస్తుంది, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

ఏటా మెయింటెనెన్స్ కట్టాలి, వెళ్లినా వెళ్లకపోయినా. అది పెరుగుతూ పోతుంది. ఒక్కొక్కటి విడిగా నిలబడ్డ ఇల్లు, ఒక్కొక్కదానికి వేరే కప్పు, వేరే ఏసీ, కాబట్టి పెద్ద భవనంలోని గదుల కన్నా నిర్వహణ ఖర్చు ఎక్కువ పడుతుంది.

ఇక రీసేల్. వేరేవాళ్ల దగ్గర తక్కువకు కొందాం అనుకుంటే, ఈ క్యాబిన్ల పాయింట్లు రీసేల్‌లో కొన్నవాళ్లు ఇక్కడే వాడుకోగలరు, మిగతా రిసార్టులకు పనికిరావు. మీరు అమ్మేటప్పుడు కూడా అదే అడ్డు వస్తుంది.

మేం కొనలేదు. రెండేళ్లకోసారి వెళ్తాం, ఆఫ్ సీజన్‌లో వెళ్తాం, మాకు డబ్బు కట్టి ఉండటమే లాభం. ప్రతి ఏడాదీ తప్పకుండా వెళ్లే కుటుంబమైతే లెక్క మారవచ్చు, కాగితం మీద వేసుకోండి, అమ్మేవాళ్ల ఎదురుగా కూర్చుని వేయకండి.

రెండు కుటుంబాలం, పదిమందిమి. ఒక క్యాబిన్‌లో సర్దుకోవచ్చా?

కుదరదు, ఆరుగురే. ఏడో మనిషిని కింద పరుపేసి పడుకోబెట్టే అలవాటు మనకుంది కానీ ఇక్కడ అది చేయకండి, పైగా 400 అడుగుల్లో నడవడానికి దారి ఉండదు. పక్కపక్కన రెండు క్యాబిన్లు కావాలని అడగండి. టెంటు అలవాటు ఉంటే క్యాంప్‌సైట్ ఒకదాంట్లో పదిమంది వరకు ఉండొచ్చు, ఖర్చు ఎంతో తక్కువ, స్నానాల గదులు దగ్గర్లోనే శుభ్రంగా ఉంటాయి. క్యాంప్‌సైట్లు వెకేషన్ క్లబ్ కిందికి పోలేదు, ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక కుటుంబం క్యాబిన్‌లో, ఒక కుటుంబం టెంటులో ఉంటే వంట మాత్రం క్యాబిన్‌లో కలిసి చేసుకోవచ్చు.

ఇంకా మార్పులు రాబోతున్నాయా?

రివర్ కంట్రీ ఉన్న చోట, చెరువు ఒడ్డున, లేక్‌షోర్ లాడ్జ్ అనే పెద్ద రిసార్ట్ కడుతున్నారు, 2027లో తెరుస్తామన్నారు. క్యాబిన్లు ఉన్న భాగం దానికి దూరమే, కానీ పడవల రేవు వైపు పనులు జరుగుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు ఆ వైపు దారులు ఎలా ఉన్నాయో కనుక్కోండి.

ఏ నెలలో వెళ్లమంటారు?

క్యాబిన్ ముందు కూర్చోవడమే ముఖ్యమైతే నవంబర్ మొదటి వారాలు, జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉక్క, రోజూ వాన, ఆ పైన హరికేన్ల కాలం. వేసవి సెలవుల్లోనే వీలవుతుందంటే వెళ్లండి, కానీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు క్యాబిన్‌కి తిరిగి వచ్చేలా ప్లాన్ చేసుకోండి. రేకు కప్పు మీద పడ్డట్టు వాన చప్పుడు వినిపిస్తుంటే పిల్లలు బంక్ బెడ్ మీద నిద్రపోతారు, మీరు అల్లం టీ పెట్టుకోవచ్చు. అల్లం మాత్రం ఇంటినుంచి తీసుకెళ్లండి.